యాభై నాలుగు గింజల దారి

ఆ శనివారం పొద్దున చెయ్యవలసిన పనులు చాలానే ఉన్నాయి. షట్టరు సగం ఎత్తి రాత్రంతా మగ్గిన రబ్బరు వాసనను బయటికి పంపాలి. గుమ్మం ముందు నీళ్లు చల్లాలి. గేర్ల సైకిళ్లు నాలుగింటికీ టైర్లలో గాలి తగ్గించాలి, బొటనవేలితో నొక్కితే గోరంత లోపలికి పోయేదాకా. బ్రేకు తీగలు లాగి చూడాలి. గొలుసులకు నూనె పెట్టాలి, పెట్టిన నూనెను మళ్లీ గుడ్డతో తుడిచెయ్యాలి, లేకపోతే దుమ్మంతా పట్టుకుంటుంది. ముందు చక్రాల పుల్లలకు తోలు ముక్కలు కట్టాలి. చింతగింజలు యాభై నాలుగు లెక్కపెట్టి గుడ్డసంచిలో పొయ్యాలి. రూఫస్ సారు పాత సైకిలు గొలుసు ఊడదీసి కిరసనాయిల్లో నానబెట్టాలి. సాయంత్రం ఇంటికి పోతూ మొజంజాహీ మార్కెట్లో పచ్చిమిరపకాయలు కొనాలి. ఈ ఆఖరిది మరిచిపోతే మిగతావన్నీ చేసీ లాభం లేదు, ఎందుకంటే అది భార్య నర్మద చెప్పిన పని.

సాయన్న ఐదున్నరకల్లా వచ్చి ఒక్కొక్కటే చేసుకుంటూ పోతున్నాడు. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఆ సైకిళ్ల దుకాణం. అందులో ఇరవై ఆరేళ్లుగా ఆయన పనివాడు. సన్నటి మనిషి. యాభై ఏడేళ్లకే ఎడమ మోకాలు కూర్చున్నప్పుడొకసారి, లేచినప్పుడొకసారి టిక్కుమంటుంది. ఎన్నిసార్లు సబ్బు పెట్టినా గోళ్ల చుట్టూ నల్లగీత పోదు. పానా పట్టుకున్నప్పుడు నాలుక కొస పళ్ల మధ్య నుంచి కొంచెం బయటికొస్తుంది. ఆ సంగతి ఆయనకు తెలియదు. నర్మదకు తెలుసు, కానీ చెప్పలేదు. చెబితే మానేస్తాడేమోనని.

సైకిళ్ల పని రాకముందు సాయన్న రోడ్డు కూలీ. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో, అడవి లోపల మొరం రోడ్లు వేసిన ముఠాలో ఆరేళ్లు పని చేశాడు. ఎర్రటి మొరం తవ్వి, తట్టలతో మోసి, కుప్పలు పోసి, పరిచి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టడం. ఎంత దూరానికి ఒక కుప్ప పొయ్యాలో కొలవడానికి కంట్రాక్టరు ఒక సైకిలు ఇచ్చాడు. ముందు చక్రం పుల్లకు తెగిన చెప్పు తోలు ముక్క కడితే, చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా అది ఇనుముకు తగిలి టప్‌మంటుంది. నూరు టప్పులకు ఒక చింతగింజ కుడి జేబులోంచి ఎడమ జేబులోకి. బడికి పోకపోయినా లెక్క తప్పని మనిషి ముఠాలో సాయన్న ఒక్కడే కాబట్టి, సైకిలు ఆయనకే దక్కింది. రోడ్డు పూర్తయ్యాక కంట్రాక్టరు మరో జిల్లాకు పోయాడు. సాయన్న చాప చుట్ట చంకన పెట్టుకొని రైలెక్కి నాంపల్లి స్టేషన్లో దిగాడు. దిగిన చోటికి నడిచి వెళ్లేంత దూరంలోనే పని దొరికింది, స్టేషను ఎదుటి ప్రయాణికుల సరాయి వెనక కిరాయి ఇల్లు దొరికింది, పెళ్లయింది. "రైలు దించినకాడనే ఉన్న, ఎక్కడికీ పోలే," అని నవ్వుతుండేవాడు. మళ్లీ ఆ కొండల వైపు వెళ్లలేదు. వెళ్లగూడదని కాదు. వెళ్లే పని పడలేదు.

రూఫస్ సారు ఒక మిషన్ స్కూల్లో సోషల్ టీచరు. ఏడేళ్ల కింద ఒకసారి పంక్చరు వేయించుకోవడానికి వచ్చాడు. సాయన్న టైరు మీది ఎర్రమన్ను గోటితో గీకి చూశాడు.

"అనంతగిరి పోయిన్రా సారూ?"

"ఔ. నీకెట్ల తెల్సు?"

"గీ మన్ను నేనే పరిచిన."

అప్పటినుంచి ఏటా వానలు వెనక్కి తగ్గాక ఒక సెలవు రోజున రూఫస్ సారు ఇద్దరు ముగ్గుర్ని వెంటబెట్టుకొని, నాంపల్లిలో సైకిళ్లను రైలు సామాన్ల బ్రేకు వ్యానులో వేయించి, ఆ అడవి దారుల్లో తిరిగి రావడం అలవాటయింది. ఏ దారిన పోవాలో సాయన్న చెప్పేవాడు. సారు రాసుకునేవాడు. దారులన్నీ గింజల్లోనే. తొమ్మిది గింజల దారి, పద్దెనిమిది గింజల దారి, ముప్పై గింజల దారి. ఇరవై ఆరేళ్లుగా ఏ దారీ చూడని మనిషి దుకాణంలో గోనెపట్టా మీద కూర్చొని చెబితే, ఏ ఏడూ ఒక్క మలుపూ తప్పలేదు.

2001 అక్టోబరులో ఆ రెండో శనివారం మొదటిసారి యాభై నాలుగు గింజల దారి. అన్నిటికంటే పొడుగైనది, పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు, అడవి మధ్యలోంచి. సాయన్న ఇన్నేళ్లూ దాచుకున్నది. ఆ ఏడు సారు వాళ్లు పాత సైకిళ్లు పక్కన పెట్టి గేర్ల సైకిళ్లు కొన్నారు. అవి బిగించిందీ సాయన్నే. మూడు రోజులు వాటిని పెళ్లికూతుళ్లను చేసినట్టు చేశాడు.

ఏడింటికి ఆటో వచ్చింది. అందులోంచి రూఫస్ సారు, ఆయన కూతురు జిప్పోరా, అదే స్కూల్లో డ్రిల్లు మాస్టరు రత్నాకర్ దిగారు. జిప్పోరాకు పందొమ్మిదేళ్లు, నర్సింగు చదువుతోంది. అడవికి రావడం ఇదే మొదలు.

"నాలుగోటి మీ బడి పిలగాడు అనురాగ్‌ది గద? ఏడి?" అన్నాడు సాయన్న.

"జ్వరమంట. వాళ్లమ్మ ఫోన్ చేసింది," అన్నాడు రత్నాకర్.

"జ్వరమా, మబ్బుల లేసుడు చాతగాలేదా?"

జిప్పోరా నవ్వి గింజల సంచి తీసుకుంది. లెక్క తనే పెడతానంది. నాన్న నోరు ఊరుకోదు, నలభై దాకా లెక్కపెట్టి ఎవరికో నిజాం చరిత్ర చెప్పడం మొదలుపెడతాడంది. సారు విననట్టు గాలి పంపు వైపు చూశాడు.

"కొండెక్కినంక తూములున్న పెద్ద కల్వర్టు వస్తది బిడ్డా. ఆడ మొదలువెట్టు. యాభై నాలుగు గింజలైనంక ఎడమకు దారి. గంతే. అటు దిగితే వాగొస్తది, వాగు దాటితే స్టేషనుకొచ్చే బాట."

"గుర్తేమన్నా ఉంటదా అంకుల్? చెట్టు గిట్ల?"

"చెట్టు పోతది, రాయి పోతది. దూరం యాడికి పోతది?"

అది చెప్పేటప్పుడు సాయన్న ముఖంలో చిన్న గర్వం కనిపించింది. ముగ్గురూ సైకిళ్లెక్కి సందు చివర మలుపు తిరిగారు. మూడు తోలు ముక్కలు టపటపలాడుతూ దూరమయ్యాయి.

ఎనిమిది దాటాక లోపల ఊడ్చేద్దామని సాయన్న మిగిలిన రెండు సైకిళ్లను బయటికి తోసుకుపోతున్నాడు. కుడిచేతిలో అనురాగ్ గేర్ల సైకిలు, ఎడమచేతిలో సారు పాత సైకిలు. పాతదానికి పోయినేడు కట్టిన తోలు ముక్క ఇంకా ఉంది. రెండూ కలిసి టప్‌మన్నాయి. రెండోసారి కూడా దాదాపు కలిసే. మూడోసారి కొత్తది కొంచెం ముందు. నాలుగోసారి ఇంకొంచెం. గుమ్మం దాటేసరికి ఒకటి అంటుంటే రెండోది వింటున్నట్టుంది.

సాయన్న ఆగిపోయాడు. రెండు చక్రాల వైపూ చూశాడు. పాతది ఇరవై ఎనిమిది అంగుళాలు. కొత్తది ఇరవై ఆరు. ఆ సంగతి తెలియక కాదు. ఆ టైర్లు ఎక్కించింది తనే, ఆ ట్యూబులు కొలిచింది తనే. అయినా గింజ అంటే గింజే అనుకున్నాడు. సారు అంతే అనుకున్నాడు. చిన్న చక్రం నూరు చుట్లు తిరిగితే పెద్ద చక్రమంత దూరం పోదని, ఇరవై ఆరేళ్లుగా చక్రాల మధ్యే బతికిన మనిషికి ఆ క్షణం దాకా తట్టలేదు.

గోడ దగ్గరికి వెనక్కి తోసుకెళ్లి మళ్లీ మొదలుపెట్టాడు. సందు పొడుగునా నడుస్తూ రెండు చప్పుళ్లూ వేరువేరుగా లెక్కపెట్టాడు. పాతది పదమూడోసారి అన్నప్పుడు కొత్తది పద్నాలుగోసారి అంది, రెండూ కలిసి.

లోపలికి పోయి డబ్బాలోంచి చింతగింజలు బండ మీద గుమ్మరించాడు. యాభై నాలుగు ఏరి, పదమూడేసి చొప్పున వరసలు పేర్చాడు. నాలుగు వరసలొచ్చాయి, రెండు గింజలు మిగిలాయి. వరసకు ఒక గింజంత దూరం తక్కువ పడుతుంది. అంటే ఆ పిల్ల యాభై నాలుగో గింజ జేబులో వేసుకునే వేళకు, నిజంగా ఉండేది యాభయ్యో గింజ దగ్గర.

యాభయ్యో గింజ దగ్గర కూడా ఎడమకు ఒక దారి ఉంది.

మొరం తవ్విన గుంటలోకి లారీలు దిగిన దారి అది. అసలు దారికంటే వెడల్పు. మొదట చదునుగా, ఇదే బాట అన్నట్టు పిలుస్తుంది. వంపు తిరగ్గానే ఒక్కసారిగా కిందికి పడిపోతుంది. ఊడిన మొరం మీద బ్రేకు నొక్కితే చక్రం ఆగుతుంది, బండి ఆగదు. కొసన మూడు నిలువుల లోతు. ఒక వేసవిలో ఎడ్లబండి ఒకటి అందులోకి పోవడం సాయన్న కళ్లారా చూశాడు. ఎడ్ల మెడల్లో గంటలు కిందికి పోయేదాకా మోగాయి. ఆ గుంట సంగతి సారుకు ఎన్నడూ చెప్పలేదు. వద్దన్న వైపే మనిషి కన్ను పోతుందని చెప్పలేదు. లెక్క సరిగా ఉంటే దాన్ని దాటిపోతారు కదా అనుకున్నాడు.

గోడ గడియారం ఎనిమిదీ ఇరవై అయిదు చూపిస్తోంది. రైలు ఎనిమిదీ నలభైకి. సారు దగ్గర సెల్‌ఫోను లేదు. పాత సైకిలుకు గొలుసు లేదు, అది కిరసనాయిల్లో ఉంది. సాయన్న నాలుగు గింజలు పిడికిట్లో పట్టుకొని అనురాగ్ సైకిలెక్కాడు.

గేర్ల సైకిలు మీద ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. బిగించడమే తప్ప తొక్కింది లేదు. సీటు ఎత్తు, హ్యాండిలు ముందుకు, మనిషి ఎవరికో దండం పెడుతున్నట్టు వంగాడు. పోస్టాఫీసు చౌరస్తాలో ఇడ్లీ బండి ముందు నిలబడ్డవాళ్లు తిరిగి చూశారు. స్టేషన్ రోడ్డులో ఆర్టీసీ బస్సు, పక్కన రిక్షా, మధ్యలో జానెడు సందు. ఆ సందులోంచి దూరాడు. మోకాలు టిక్కుమంటోంది, తోలు ముక్క టప్‌మంటోంది. తనకు తెలియకుండానే లెక్కపెడుతున్నాడు. నాంపల్లి స్టేషను కమాను కనిపించేసరికి నాలుగు నూర్లు దాటింది.

ప్లాట్‌ఫారం మీద ఒక కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు. "సైకిల్ ఏస్కొని యాడికి? గిది నీ అత్తగారిల్లా?"

"సామాన్ల డబ్బాల ఎయ్యాలె సారూ, రైలు పోతది."

అది అబద్ధం. సాయన్న ఆడిన అబద్ధాలు లెక్కపెడితే మొత్తం రెండు చేతుల వేళ్లు దాటవు. ఇది మాత్రం తడుముకోకుండా వచ్చింది. కానిస్టేబులు సైకిలునూ మనిషినీ చూసి చెయ్యి దించాడు.

ఐదో బోగీ కిటికీలో జిప్పోరా జడ కనిపించింది. సాయన్న కమ్ములు పట్టుకున్నాడు. ఊపిరి అందుకుంటూ పిడికిలి లోపలికి పెట్టి తెరిచాడు.

"నాలుగు గింజలు ఎక్కువ బిడ్డా. యాభై ఎనిమిది. చక్రం చిన్నది. నేనే తప్పు చెప్పిన."

"ఏంది సాయన్నా?" అంటూ రూఫస్ సారు కిటికీలోకి వంగాడు.

"పాత చక్రం లెక్క చెప్పిన సారూ. కొత్తది పొట్టిది. యాభై నాలుగుకే ఎడమకు మలిగితే గుంటల పడ్తరు. పెద్ద దారి కనవడ్తది, పిలుస్తది. పోవద్దు. నాలుగు గింజలు ఇంకా ముందుకు. సన్న బాట. అదీ మనది."

సారు వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. "ఇరవై ఎనిమిది, ఇరవై ఆరు... నాకైనా తట్టలేదేంది?"

"నువ్వు సోషల్ సారువు నాన్నా," అంది జిప్పోరా. నవ్వు రాలేదు ఆమెకు. నాలుగు గింజలనూ విడిగా కొంగున కట్టినట్టు చున్నీ అంచుకు ముడేసింది.

"యాభై నాలుగుకు ఆగి చూడు. ఎడమకు పెద్ద దారి కనవడితె నా లెక్క సరిగ్గున్నట్టు. కనవడకపోతే ఎటూ పోవద్దు, వెనక్కి తిరిగి వచ్చెయ్యిర్రి."

గార్డు ఈల వేశాడు. రూఫస్ సారు తలుపు దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు. "ఎక్కు సాయన్నా. అనురాగ్ సైకిల్ నీ చేతిలనే ఉంది. టికెట్ సంగతి నేను జూస్త. నీ రోడ్డు నువ్వే చూపిద్దువు గని, ఎక్కు."

సాయన్న ఒక అడుగు వేశాడు. సైకిలు హ్యాండిలు మీద వేళ్లు బిగిశాయి. రైలు కదిలింది, చాలా మెల్లగా, ఎవరైనా ఎక్కగలిగేంత మెల్లగా.

"షట్టరు తెరిచి పెట్టొచ్చిన సారూ," అన్నాడు. "దుకాణంల ఎవ్వరు లేరు."

చివరి బోగీ పోయేదాకా నిలబడ్డాడు. తర్వాత సైకిలు తోసుకుంటూ, కానిస్టేబులు వైపు చూడకుండా బయటికి నడిచాడు.

దుకాణం ముందు యజమాని విద్యాసాగర్ నడుమున చేతులు పెట్టుకొని ఉన్నాడు. ఏనాడూ పదిన్నరకు ముందు రానివాడు ఆరోజే తొందరగా వచ్చాడు. "దుకాణం గాలికి వదిలి యాడికి పోయినవయా? ఒకాయనొచ్చి వాల్వు అడిగిండు. ఏ డబ్బాల ఉంటదో నాకేం ఎర్క?"

"చక్రం లెక్క తప్పింది సేటూ," అన్నాడు సాయన్న. సేటు ఆయన చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోవడం చూశాడు. బండ మీద పేర్చిన గింజల వరసలను కాలితో చెదపకుండా దాటుకొని లోపలికెళ్లాడు.

ఆరోజంతా సాయన్న పని చేశాడు. రెండు పంక్చర్లు, ఒక పెడలు, ఒక స్టాండు. చేతులు ఇక్కడ, కళ్లు గడియారం మీద. పదిన్నర, దిగి ఉంటారు. పదకొండున్నర, కల్వర్టు. ఒంటిగంట. ఒంటిగంట అయినప్పుడు టిఫిన్ డబ్బా తెరిచి, మళ్లీ మూసేశాడు.

"తినవా?" అన్నాడు సేటు.

"ఆకలైతలేదు."

పదమూడుకు పద్నాలుగు అనుకున్నాడు, పదమూడుకు పద్నాలుగే. అయితే గాలి తగ్గించిన టైరు మనిషి బరువుకు అణిగితే ఇంకొంచెం పొట్టిదవుతుంది కదా? ఆ ఆలోచన మూడింటికి వచ్చి ఐదు దాకా కదలలేదు. ఆరింటికి సేటు ఇంటికి పొమ్మంటే పోలేదు. షట్టరు తనే వేస్తానన్నాడు.

ఏడింటికి సందు మలుపులో టపటప వినిపించింది. సాయన్న తలెత్తలేదు. ముందు చప్పుళ్లు లెక్కపెట్టాడు. మూడు.

ముగ్గురూ మోకాళ్ల దాకా ఎర్రగా ఉన్నారు. రత్నాకర్ మోచెయ్యి గీరుకుపోయింది, అది వాగు దగ్గర జారిందట, గుంటతో దానికి సంబంధం లేదు. జిప్పోరా సైకిలు గోడకానించి సాయన్న ఎదురుగా గోనెపట్టా మీదే చతికిలబడింది.

"యాభై నాలుగో గింజ ఏసుకొని ఆగినం అంకుల్. ఆగి చూస్తే ఎదురుంగనే ఉంది, ఎడమకు. గంత పెద్ద దారి. మీరు రాకపోతే దిగేటోళ్లం. కండ్లు మూసుకొని దిగేటోళ్లం."

"పోయి చూసిన్రా?"

"నాన్న నడుచుకుంట పోయి చూసిండు. వచ్చి పది నిమిషాలు మాట్లాడలే."

"మా నాన్న పది నిమిషాలు ఊకున్నడంటే ఎంత లోతుందో అర్థం చేసుకోర్రి," అని జిప్పోరాయే అందుకొని ఈసారి నవ్వింది. రూఫస్ సారు సాయన్న భుజం మీద చెయ్యి వేసి, కాసేపు తియ్యలేదు.

జిప్పోరా బ్యాగులోంచి ఒక రాయి తీసి ఆయన చేతిలో పెట్టింది. రెండు పిడికిళ్లంత మొరం రాయి, ముదురు ఎరుపు, జల్లెడలా చిన్న చిన్న రంధ్రాలు. ఆ పెద్ద దారి మొదట్లో పడి ఉందట.

"మీరు రాలేదు గద, మీ రోడ్డే తెచ్చిన."

సాయన్న దాన్ని బల్బు కిందికి తెచ్చి తిప్పి చూశాడు. ఒక పక్క నున్నగా తెగి ఉంది. "గిది గడ్డపార దెబ్బ," అన్నాడు. "నాదే కావచ్చు. కాకపోతే మా యెంకటిది." షట్టరు వేసేముందు దాన్ని గింజల డబ్బా పక్కన పెట్టాడు. ఆ రోజు ఇంటికి పోయేసరికి మిరపకాయలు లేవు. నర్మద తలుపు దగ్గరే చెయ్యి చాచి, ఖాళీ చేతిని చూసి, "ఏందయ్యా, దారి తప్పినవా?" అంది. ఆయన నవ్విన నవ్వుకు కారణం అడిగి, కథంతా విని, కారం లేని పప్పు వడ్డించింది. రెండుసార్లు వడ్డించింది.

జనవరి చివర ఒక మధ్యాహ్నం సాయన్న ఒక బడిపిల్ల సైకిలు చక్రం వంపు తీస్తున్నాడు. సేటు టీ తెమ్మని పంపుదామని పిలిస్తే పలకలేదు. గోడకు ఆనుకొని, చక్రం ఒళ్లో పెట్టుకొని, నాలుక కొస పళ్ల మధ్య నుంచి కొంచెం బయటికి పెట్టి కూర్చున్నాడు. దవాఖానకు తీసుకెళ్లారు గాని అప్పటికే అయిపోయిందన్నారు. నర్మద వచ్చి ముందు ఆయన గోళ్లు చూసింది. విద్యాసాగర్ మూడు రోజులు దుకాణం మూశాడు. సొంత తండ్రి పోయినప్పుడు కూడా రెండు రోజులే మూశాడని పక్క దుకాణాలవాళ్లు అన్నారు. ఆ చక్రం వంపు రూఫస్ సారు వేరే చోట తీయించి, ఆ పిల్లకు తనే ఇచ్చి వచ్చాడు.

అనంతగిరి అడవిలో మీ చక్రం కింద మొరం కరకరమన్నప్పుడు, అది ఎవరో తట్టతో మోసి పరిచిన మన్నని, ఆ మనిషి పేరు సాయన్న అని ఒక్కసారి తలచుకోండి. అంత దూరం పోలేకపోతే పోస్టాఫీసు వెనక సందులోకి వచ్చినా చాలు. దుకాణం లోపలి చెక్కతలుపు గాలికి కొట్టుకోకుండా విద్యాసాగర్ దానికి ఒక ఎర్రరాయి ఆనించాడు, గడ్డపార దెబ్బ ఉన్న పక్కను బయటికి పెట్టి.